నాన్నకి పాంక్రియాస్ క్యాన్సర్: ఫాపీ స్కాన్, గడ్డని వెలిగించే మందుతో ఆపరేషన్ గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

మున్నేరు

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. నాన్నకి 61 ఏళ్లు, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఎండాకాలంలో ఒళ్లంతా దురద మొదలైంది. చెమటకాయలు అనుకుని పౌడర్లు రాశాం. తర్వాత మూత్రం ముదురు రంగుకి తిరిగింది, కళ్లు పచ్చబడ్డాయి. వాడకట్టులో అందరూ కామెర్లే అన్నారు, పసరు పోయిస్తే పోతుందన్నారు. అమ్మ సరేనంది కూడా. నేను పట్టుబట్టి స్కానింగ్‌కి తీసుకెళ్లాను.

హైదరాబాద్‌లో తీసిన సీటీ రిపోర్టులో ఉన్నది ఇది. పాంక్రియాస్ తలభాగంలో 2.8 సెంటీమీటర్ల గడ్డ. పక్కనున్న పెద్ద సిరని ఒకవైపు ఆనుకుని ఉంది, ధమనులకి తగల్లేదు. లివర్‌లో 6 మిల్లీమీటర్ల మచ్చ ఒకటి ఉంది, అదేంటో చెప్పలేనంత చిన్నది అని రాశారు. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 14 ఉంటే ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లోంచి గొట్టం దించి, మూసుకుపోయిన పైత్యనాళంలో స్టెంట్ పెట్టారు, ఇప్పుడు 5కి దిగింది. రక్తంలో ఈ క్యాన్సర్‌కి సూచికగా చూసే సీఏ 19-9 మాత్రం 640 వచ్చింది, అది స్టెంట్‌కి ముందు చేసిన టెస్టు. పోయినేడాది నాన్నకి ఉన్నట్టుండి షుగర్ బయటపడింది, బరువు బాగా తగ్గారు. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు.

ఒక సర్జన్ కామెర్లు తగ్గగానే విపుల్ ఆపరేషన్, అంటే పాంక్రియాస్ తలభాగం తీసేసేది, చేసేద్దాం అన్నారు. ఇంకో చోట ముందు పెట్ స్కాన్ తీయమన్నారు, అది కూడా మామూలుది కాదు, ఫాపీ పెట్ అని కొత్తది. మామూలు పెట్‌కీ దీనికీ తేడా ఏంటని అడిగితే "ఇది బెటర్ అమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇంతలో మా తమ్ముడు అమెరికాలోని సన్నీవేల్ నుంచి రోజూ ఫోన్. వాళ్లకి దగ్గర్లోనే ఉన్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పాంక్రియాస్ గడ్డకి అతుక్కునే రంగు మందు ఇచ్చి, ఆపరేషన్ టేబుల్ మీద గడ్డ వెలుగుతుంటే చూసి కోశారని చదివాడట. అలా చేస్తే క్యాన్సర్ ఏమీ మిగలదు కదా, నాన్నని ఇక్కడికి తీసుకొచ్చేద్దాం, తొందరపడి అక్కడ కోయించొద్దు అంటున్నాడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. కానీ నాన్న రోజురోజుకీ చిక్కిపోతున్నారు. ఎదురుచూడటం మంచిదా కాదా నాకు తెలియట్లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు.

ఫాపీ స్కాన్ నిజంగా అవసరమా? ఆ వెలిగే మందు మన దేశంలో ఎక్కడైనా ఉందా? దాని కోసం ఆపరేషన్ ఆపుకోవాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గామా_కెమెరా

మున్నేరు గారూ, నేను న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ని. పెట్ సీటీలు చదవడమే నా రోజువారీ పని. మీ నాన్నగారి స్కాన్ చూడకుండా ఆయనకి ఫలానాది చేయించండి అని చెప్పడం తప్పు, అది చెప్పను. ఈ స్కాన్లు ఏం చూపిస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నది మాత్రం వివరంగా రాస్తాను. "ఇది బెటర్" అన్న మాటతో ఎవరూ ఇంత పెద్ద నిర్ణయం తీసుకోలేరు.

మామూలు పెట్‌లో ఇచ్చేది ఎఫ్‌డీజీ, అంటే రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజ్. ఎక్కువ గ్లూకోజ్ లాక్కునే కణాలు బొమ్మలో నల్లగా కనిపిస్తాయి, దాన్నే మేం వెలగడం అంటాం. చాలా క్యాన్సర్లలో ఇది బాగా పనిచేస్తుంది. పాంక్రియాస్ దగ్గర ఇబ్బందులున్నాయి. షుగర్ ఎక్కువుంటే రక్తంలో ఉన్న గ్లూకోజ్ మన మందుతో పోటీపడుతుంది, గడ్డ మసకబారుతుంది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి మీ నాన్నగారిలాగే షుగర్ ఉంటుంది. పైగా పాంక్రియాస్ వాచినా ఎఫ్‌డీజీ వెలుగుతుంది.

అలాగని ఎఫ్‌డీజీ పనికిరానిదేం కాదు. ఇంగ్లండ్‌లో పెట్-పాంక్ అని 550 మంది మీద ఒక పెద్ద అధ్యయనం చేసి 2018లో ఫలితాలు ఇచ్చారు. మామూలు సీటీ తర్వాత ఎఫ్‌డీజీ పెట్ కూడా తీస్తే 45 శాతం మందిలో చికిత్స ప్లాన్ మీద ప్రభావం పడింది. ఆపరేషన్‌కి సిద్ధంగా ఉన్నవాళ్లలో 20 శాతం మందికి ఆపరేషన్ ఆగింది. ఆ 20 శాతాన్ని నేను చాలా విలువైన సంఖ్యగా చూస్తాను. విపుల్ అంటే పాంక్రియాస్ తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యనాళం తీసేసి మళ్లీ అన్నీ కలిపి కుట్టడం. అప్పటికే వేరేచోటికి పాకిన మనిషికి అంత కోత వల్ల మేలు లేదు, కీమో మొదలుపెట్టాల్సిన రోజులు కోలుకోవడానికే పోతాయి.

ఇక ఫాపీ. పాంక్రియాస్ గడ్డని మైక్రోస్కోప్ కింద చూస్తే క్యాన్సర్ కణాలు అక్కడక్కడా గుంపులుగా ఉంటాయి, చుట్టూ గట్టి పీచు ఉంటుంది. కొన్ని గడ్డల్లో 80 శాతం కూడా ఈ పీచే. దాన్ని అల్లే ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద ఎఫ్ఏపీ అనే ప్రోటీన్ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల అవయవాల్లో అది దాదాపు ఉండదు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వాళ్లు దానికి వెళ్లి అతుక్కునే చిన్న అణువుని తయారుచేసి, దానికి రేడియోధార్మిక గాలియం-68 తగిలించారు. 2018 నుంచి ఆ పేపర్లు వస్తున్నాయి. పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న 19 మందికి వాళ్లే చేసిన ఫాపీ స్కాన్ల ఫలితాలు 2021లో వచ్చాయి. సీటీ చెప్పిన స్టేజీ 10 మందిలో మారింది. 19 మంది అంటే చిన్న సంఖ్యే, కానీ ఇందులో విషయం ఉందని అప్పుడే తెలిసింది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు ఫాపీ మీద బాగా పనిచేశారు.

స్క్రీన్ మీద రెండూ పక్కపక్కన పెడితే తేడా చప్పున కనిపిస్తుంది. ఎఫ్‌డీజీలో లివర్ మొత్తం ఒక మోస్తరు బూడిద రంగులో ఉంటుంది, చిన్న మచ్చలు అందులో కలిసిపోతాయి. ఫాపీలో లివర్ దాదాపు ఖాళీ. కిడ్నీలు, మూత్రాశయం మాత్రం నల్లగా ఉంటాయి, ఎందుకంటే మందు అటే బయటికి పోతుంది. ఆ ఖాళీ లివర్‌లోనో, పొట్ట లోపలి పొర మీదో చిన్న చుక్క ఉంటే కంటికి అందుతుంది. పరగడుపున ఉండక్కర్లేదు, షుగర్ ఎంతుందని టెన్షన్ పడక్కర్లేదు.

ఇబ్బంది కూడా ఆ పీచుతోనే. పీచు కట్టే ఏ జబ్బయినా ఫాపీలో వెలుగుతుంది, పాంక్రియాటైటిస్‌తో సహా. గడ్డ తలభాగంలో ఉంటే నాళం మూసుకుపోయి, దాని వెనకున్న పాంక్రియాస్ అంతా వాచే అవకాశం ఉంది. అలాంటి స్కాన్లు నేను చూస్తుంటాను. తల నుంచి తోకదాకా అంతా ఒకటే నలుపు, గడ్డ ఎక్కడ ముగిసిందో వాపు ఎక్కడ మొదలైందో గీత గీయలేం. ఇంకాసేపు ఆగి మళ్లీ బొమ్మ తీస్తే వాపు కొంచెం పలచబడి గడ్డ నిలబడుతుంది, కొందరిలోనే. మన దక్షిణాదిలో చిన్న వయసు నుంచే పాంక్రియాస్‌లో రాళ్లతో బాధపడేవాళ్లున్నారు, వాళ్లలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. మీ నాన్నగారికి ఈమధ్యే ఈఆర్‌సీపీ అయింది కాబట్టి స్టెంట్ చుట్టూ కూడా కాస్త వెలుగు రావచ్చు. రిపోర్టు రాసే డాక్టర్‌కి స్టెంట్ ఏ తేదీన పెట్టారో తప్పకుండా చెప్పండి.

ఇంకో మాట. గాలియం-68 ప్రతి 68 నిమిషాలకి సగం అవుతుంది. మా హాట్ ల్యాబ్‌లో, అంటే రేడియోధార్మిక మందులు కలిపే గదిలో, పొద్దున్నే గాలియం పుట్టించే జనరేటర్ నుంచి దాన్ని దించి, ఫాపీతో కలిపి వేడిచేసి, క్వాలిటీ చెక్ అయ్యాక సిరంజిలోకి తీసేసరికే చాలావరకు తరిగిపోతుంది. ఒకసారి దించితే ఇద్దరు ముగ్గురికే వస్తుంది. మొదటి పేషెంట్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైతే చివరి పేషెంట్‌కి డోసు మిగలదు, వాళ్లని ఇంకో రోజు రమ్మనాల్సి వస్తుంది. అందుకే ఖమ్మం నుంచి వచ్చేటట్టయితే ముందురోజే వచ్చి ఉండండి.

ఇప్పుడు మీ అసలు సమస్య, ఆ 6 మిల్లీమీటర్ల మచ్చ. నా స్కాన్ అని నేను దాన్ని పైకెత్తను. అంత చిన్నదానికి ముందు తీయించాల్సింది లివర్ ఎంఆర్ఐ. లివర్ కణాలు పట్టుకునే కాంట్రాస్ట్ ఇచ్చి, డిఫ్యూజన్ బొమ్మలతో తీస్తారు. నీటితిత్తి అయితే అక్కడే తేలిపోతుంది. అప్పటికీ అనుమానం ఉంటే పెట్. పెట్‌లో వెలిగితే సూదిపరీక్ష. వెలిగిన ప్రతిదీ క్యాన్సర్ అని ఎవరన్నా ఒప్పుకోకండి, వెలగలేదు కాబట్టి ఏమీ లేదన్నా ఒప్పుకోకండి.

సీఏ 19-9 కామెర్లు పూర్తిగా తగ్గాక మళ్లీ చేయించండి. పైత్యం అడ్డుపడితే క్యాన్సర్ లేకపోయినా అది పెరుగుతుంది. ఇప్పుడున్న 640లో కామెర్ల వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

చివరిగా, ఇంటర్నెట్‌లో వెతికితే డోటాటేట్, డోటానాక్ స్కాన్లని, లుటీషియం చికిత్స అని కనిపిస్తాయి. అవి పాంక్రియాస్‌లోనే వచ్చే న్యూరోఎండోక్రైన్ అనే వేరే రకానికి. స్టీవ్ జాబ్స్‌కి వచ్చింది ఆ రకం. అక్కడ ఈ టార్గెటెడ్ స్కాన్ ఇప్పటికే మామూలు పద్ధతి అయిపోయింది, మన దగ్గర కూడా రోజూ చేస్తున్నాం. మీ నాన్నగారిది కామెర్లతో బయటపడిన తీరు చూస్తే పాంక్రియాస్‌లో ఎక్కువగా వచ్చే మామూలు రకం, అడినోకార్సినోమా, కావడానికే ఎక్కువ అవకాశం. బయాప్సీ చేసుంటే ఆ రిపోర్టులో ఏ రకమో చూడండి.

జీఐ_సర్జన్

పైన డాక్టర్ గారు స్కాన్ల సంగతి చెప్పేశారు. వెలిగే మందు గురించి నేను చెప్తాను. పొట్ట సర్జరీలు చేసేవాణ్ని, ఈ పేపర్లన్నీ ఆశగా చదివేవాణ్ని కూడా.

మీ తమ్ముడు చదివింది నిజమే. స్టాన్‌ఫర్డ్‌లో పానిటుముమాబ్ అనే యాంటీబాడీకి కంటికి కనపడని పరారుణ కాంతినిచ్చే రంగు తగిలించారు. ఈ యాంటీబాడీ గడ్డ కణాల మీద ఎక్కువుండే ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందు సెలైన్‌లో ఎక్కించారు. 2020లో వచ్చిన ఆ పేపర్‌లో పేషెంట్లు 11 మంది. అంతకుముందు అక్కడే సెటుక్సిమాబ్ అనే ఇంకో యాంటీబాడీతో ఇలాంటిదే చేశారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఎస్‌జీఎమ్-101 అనే ఇంకో మందుని 12 మందికి ఇచ్చారు, అది సీఈఏ అనే ఇంకో ప్రోటీన్‌కి అతుక్కునేది. ఇవన్నీ తొలి దశ ట్రయల్స్. వాటిలో ముఖ్యంగా తేల్చుకునేది మందు సురక్షితమా, ఎంత డోసు ఇవ్వాలి అన్నది. ఇలా కోయించుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికారని తేల్చడానికి పెట్టిన ట్రయల్స్ కావు. క్యాన్సర్ ఏమీ మిగలదు కదా అన్న మీ తమ్ముడి మాటకి అందులో ఆధారం లేదు.

దీని కోసం మేం ఎందుకింత ఆశపడతామో కూడా చెప్పాలి. విపుల్‌లో నాకు భయం వేసే చోటు ఒకటే, పాంక్రియాస్ తల వెనక, పేగులకి రక్తం ఇచ్చే పెద్ద ధమని పక్కన. ఒక పెన్ను మందం ఉంటుంది ఆ ధమని, చేతికి కొట్టుకుంటూ తెలుస్తుంది. దాని చుట్టూ నరాలు, కొవ్వు, కాస్త పీచు. ఆ పీచు పాంక్రియాటైటిస్ వల్ల గట్టిపడిందా, క్యాన్సర్ పాకి గట్టిపడిందా అన్నది వేలితో నొక్కితే ఒకేలా ఉంటుంది. ముక్క తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కి, అంటే గడ్డకట్టించి అప్పటికప్పుడు మైక్రోస్కోప్‌లో చూసే పరీక్షకి, పంపి, చేతులు కట్టుకుని ఫోన్ కోసం నిలబడతాం. హైడెల్‌బర్గ్ వాళ్లు 2008లో ఇచ్చిన పేపర్‌లో, ఆపరేషన్లలో తీసిన ముక్కల అంచులన్నిటికీ రంగులు పూసి, పలచటి పొరలుగా కోసి చూస్తే నాలుగింట మూడొంతుల మందిలో అంచుకి ఒక మిల్లీమీటర్ లోపు క్యాన్సర్ కణాలున్నాయి. అంతా తీసేశాం అనుకున్న కేసులే అవి. ఆ అంచుని టేబుల్ మీదే చూపించే కాంతి ఉంటే ఏ సర్జన్ కాదంటాడు?

కానీ ఆ కాంతి ఎంత లోతు నుంచి వస్తుందన్నది చూడాలి. కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటర్. దానిపైన రక్తం పేరుకున్నా, కొవ్వు కప్పినా కెమెరాకి అందదు. లివర్ పైపొర మీదో పొట్ట గోడ మీదో ఉన్న చుక్కని చూపించడంలో బాగుంటుంది, ధమని వెనక దాక్కున్నదాన్ని చూపించలేదు. వాచిన పాంక్రియాస్ కూడా ఎంతోకొంత రంగు పీల్చుకుంటుంది. యాంటీబాడీ పెద్ద అణువు, ఈ గట్టి పీచులోకి సరిగా చొరబడదు.

ఇలాంటి మందుల్లో కొన్నిటికి అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. సైటాలక్స్‌కి 2021లో అండాశయ క్యాన్సర్ కోసం, 2022లో ఊపిరితిత్తుల కోసం. లూమిసైట్‌కి 2024లో రొమ్ము క్యాన్సర్ కోసం. పాంక్రియాస్ కోసం అనుమతి వచ్చిన మందు వీటిలో లేదు. మన హాస్పిటల్స్‌లో ఆకుపచ్చగా వెలిగించి చూపించే ఐసీజీ అనే రంగు మందు వేరు. అది క్యాన్సర్‌ని గుర్తుపట్టదు, రక్తం ఎక్కడ పారుతోంది, పైత్యనాళం ఎక్కడుంది అన్నదే చూపిస్తుంది. బ్రోషర్‌లో "ఫ్లోరోసెన్స్ సర్జరీ" అని కనిపిస్తే ఏ మందు అని అడగండి.

కాబట్టి దీని కోసం ఆగకండి. ట్రయల్‌లో చోటు దొరకడం, వీసా, ప్రయాణం, అక్కడి ఖర్చు, ఇవన్నీ అయ్యేలోపు ఈ జబ్బు ఉన్నచోట ఉండదు. ఆ శ్రమంతా ఇక్కడ విపుల్స్ ఎక్కువగా చేసే టీమ్‌ని వెతకడానికి పెట్టండి. ఏడాదికి ఎన్ని చేస్తారు, మీ చేతుల్లో ఆపరేషన్ తర్వాత ఎంతమంది పోయారు అని మొహమాటపడకుండా అడగండి. మంచి సెంటర్లలో అది 5 శాతం లోపే. అడిగితే కోప్పడే డాక్టర్ దగ్గర చేయించకండి.

నేనైతే ఇంకో రెండు విషయాలు చర్చకి పెడతాను. సీఏ 19-9 కామెర్లు తగ్గాక కూడా 500 పైనే ఉంటే, గడ్డ బొమ్మలో తీయదగినట్టు కనిపించినా ముందు కీమో ఇవ్వాలని చాలా టీమ్‌లు ఆలోచిస్తాయి. గడ్డ సిరని ఆనుకుని ఉందన్నారు కాబట్టి మీకు ఆ ఆలోచన ఎలాగూ వస్తుంది. రెండోది, పెద్ద కోత పెట్టేముందు చిన్న రంధ్రంతో కెమెరా దించి లివర్ పైభాగం, పొట్ట పొర చూడటం. బియ్యపుగింజంత మచ్చలు ఏ స్కాన్‌లోనూ పడనివి అక్కడ కళ్ల ముందుంటాయి.

తెనాలి_మాస్టారు

అమ్మా, నేను డాక్టర్ని కాను, రిటైరైన లెక్కల మాస్టార్ని. మా ఇంటావిడకి ఇదే ఆపరేషన్ అయింది, ఇప్పుడు మనవడితో బాగానే ఆడుకుంటోంది. పై ఇద్దరూ చెప్పినదాంట్లో ఒకటి మా ఇంట్లో జరిగింది, అది నువ్వు వినాలి.

ఆవిడకి మామూలు పెట్ తీశారు. లివర్‌లో ఒకచోట వెలిగింది. అప్పుడు చూపించిన చోట రిపోర్టు చూసి, ఇది నాలుగో స్టేజీ, ఆపరేషన్ లేదు, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి అన్నారు. మా అబ్బాయి కారులో కూర్చుని ఏడ్చాడు. ఇంకో డాక్టర్‌కి చూపిస్తే ఆయన పాత కాగితాలన్నీ తిరగేసి, స్కాన్‌కి ముందు ఈవిడకి చలిజ్వరం వచ్చింది కదా అన్నారు. వచ్చింది. స్టెంట్ పూడిపోయి రాత్రిపూట వణుకుతూ జ్వరం వస్తే అడ్మిట్ చేశాం. ఆ ఇన్ఫెక్షన్ లివర్‌లోకి పాకి చిన్న చీముగడ్డ కట్టి ఉండొచ్చని సూదిపరీక్ష పెట్టారు. చీమే. క్యాన్సర్ కణం లేదు. యాంటీబయాటిక్స్ ఇచ్చి, మళ్లీ స్కాన్ తీసి, ఆపరేషన్ చేశారు.

అందుకని సూదిపరీక్ష లేకుండా ఎవరైనా నాలుగో స్టేజీ అంటే ఇంకొకరికి చూపించు. స్టెంట్ ఉన్నన్నాళ్లూ నాన్నగారికి చలితో జ్వరం వచ్చినా, మళ్లీ కళ్లు పచ్చబడినా, పొద్దున చూద్దాం అనుకోవద్దు. ఆ రాత్రికే తీసుకెళ్లు.

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు మాకు. అన్నం తిన్నాక జిడ్డుగా, నీళ్లమీద తేలే విరేచనాలు అవుతుంటే పాంక్రియాస్ రసాలు పేగులోకి అందట్లేదని అర్థం. ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉంటాయి, మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి అని మాకు రాసిచ్చారు. తిన్నాక ఒకేసారి వేసుకుంటే అంత పనిచేయదట. మీ డాక్టర్‌ని ఇప్పుడే అడుగు. ఆపరేషన్‌కి వెళ్లేలోపు మనిషికి కాస్త కండ పట్టాలి. మా ఇంటావిడకి అవి మొదలుపెట్టాకే బరువు తగ్గడం ఆగింది.

తమ్ముడికి కూడా ఈ పేజీ పంపించు తల్లీ. దూరాన ఉన్నవాళ్లకి ఏం చేయలేకపోతున్నామన్న బాధ ఎక్కువ. రిపోర్టులన్నీ స్కాన్ చేసి తేదీలవారీగా ఒకచోట పెట్టే పని అతనికి అప్పగించు. మా కోడలు బెంగళూరు నుంచి అదే చేసింది, రెండో డాక్టర్‌కి ఆ చలిజ్వరం కాగితం కనిపించింది దాని వల్లే.

మున్నేరు

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మాస్టారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను.

ఎంఆర్ఐ అయింది. లివర్‌లోది నీటితిత్తి అని రాశారు. బిలిరుబిన్ నార్మల్‌కి వచ్చాక సీఏ 19-9 మళ్లీ చేస్తే 210. ఎండోస్కోపీతో సూది పంపి బయాప్సీ చేశారు, అడినోకార్సినోమా అనే వచ్చింది. కెమెరా దించి చూశారు, లోపల ఎక్కడా మచ్చలు లేవు. సిరని ఆనుకుని ఉంది కాబట్టి ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అని టీమ్ అంతా కూర్చుని నిర్ణయించారు. ఎంజైమ్ క్యాప్సూల్స్ మొదలయ్యాయి. తమ్ముడు స్టాన్‌ఫర్డ్ మాట వదిలేసి ఇప్పుడు ఫైళ్లు సర్దుతున్నాడు, ఆపరేషన్‌కి వస్తానన్నాడు.

గామా_కెమెరా గారూ, ఒక్క ప్రశ్న. కీమో అయ్యాక గడ్డ ఎంత పోయిందో చూడటానికి ఫాపీ పనికొస్తుందా? అయితే ఇప్పుడే ఒకటి తీయించి పెట్టుకోవాలా?

గామా_కెమెరా

ఎంఆర్ఐ మాట చదివి చాలా సంతోషం వేసింది.

కీమో తర్వాతి స్కాన్ మా అందరికీ కష్టమైనది. కీమో పనిచేస్తే క్యాన్సర్ కణాలు చస్తాయి, వాటి చోట పీచు మిగులుతుంది. సీటీలో ఆ పీచు, గడ్డ ఒకే రంగులో ఉంటాయి. అందుకే సీటీలో గడ్డ అంతే ఉందన్నా కొందరిని సర్జన్లు తెరిచి చూస్తారు, తీస్తే చాలావరకు చచ్చిపోయిన కణాలే ఉంటాయి. ఫాపీ వెతికేది పీచు కణాల్నే కాబట్టి, మిగిలిన మచ్చ కూడా వెలిగే ప్రమాదం ఉంది. నిజంగా కణాలు మిగిలాయో లేదో చెప్పడంలో ఫాపీని ఇంకా నేను పూర్తిగా నమ్మను. ఈ పనికి ఎఫ్‌డీజీయే మెరుగని నా అభిప్రాయం, ఎందుకంటే బతికున్న కణమే గ్లూకోజ్ లాక్కుంటుంది. కీమోకి ముందు బాగా వెలిగిన గడ్డ తర్వాత చల్లబడితే అది మంచి సూచన.

దానికి ముందు బొమ్మ ఉండాలి. మీ డాక్టర్లు పెట్ వాడదామంటే మొదటి కీమో ఎక్కించకముందే ఎఫ్‌డీజీ ఒకటి తీయించండి. తర్వాతి స్కాన్ కూడా అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద తీయించండి. మెషీన్ మారితే అంకెలు పోల్చలేం. ఆరోజు పరగడుపున వెళ్లాలి, ఆరు గంటల ముందు నుంచి నీళ్లు తప్ప ఏమీ వద్దు. నాన్నగారి షుగర్ 200 లోపు ఉండాలి. ముందురోజు షుగర్ మందు, ఇన్సులిన్ ఎప్పుడు ఆపాలో సెంటర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, మీ అంతట మీరు ఆపకండి. ఇంజెక్షన్ ఇచ్చాక ఒక గంట మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా పడుకోబెడతారు, చలేస్తే దుప్పటి అడగమనండి. వణికితే కండరాలు కూడా వెలుగుతాయి.

పెట్ వద్దనుకున్నా నష్టం లేదు. సీఏ 19-9 మీ నాన్నగారిలో పెరిగే రకమే అని తేలింది. కొందరి రక్తంలో అది అసలు తయారవ్వదు, వాళ్లలో ఈ దారి మూసుకుపోతుంది. మీకు ఉంది. 210 నుంచి ఎటు పోతుందో కీమో మధ్యలో చూస్తూ ఉండండి, ప్రతిసారీ పక్కన బిలిరుబిన్ కూడా రాయించండి. స్టెంట్ పూడితే ఆ అంకె మళ్లీ తప్పుదారి పట్టిస్తుంది.

రిపోర్టు వచ్చాక అర్థం కాకపోతే పేరు, నంబర్లు తీసేసి ఇక్కడే పెట్టండి.